ప్రింటర్ సరే, ముందు పిండి సంగతి చూడండి

ఫుడ్ ప్రింటర్ మీద వార్త వచ్చినప్పుడల్లా ఫొటో ఒకే రకంగా ఉంటుంది. గాజు తలుపు, లోపల ముద్ద బయటికొచ్చే సన్నటి మూతి, అంటే నాజిల్, దాని కింద పువ్వులాగానో చేపలాగానో ఏదో ముద్ద. కింద రాసే మాట కూడా మారదు: రేపటి తిండి ఇదేనట. ఫొటోతో నాకు పేచీ లేదు, ఆ మాటతోనే పేచీ. ఫుడ్ ప్రింటర్ అంటే జంతికల గొట్టానికి మోటారు బిగించి, ఎటు కదలాలో కంప్యూటర్ చేత చెప్పించడం. గొట్టం ఎంత ఖరీదైనదైనా పిండి కలపడం కుదరకపోతే జంతిక విరిగిపోతుంది. ఈ రంగంలో శాస్త్రవేత్తల అసలు కష్టమంతా గొట్టంలో పోసే పిండి మీదే. శనగ పండే ప్రకాశంలో, వరి పండే నెల్లూరులో ఉన్న మనకు పనికొచ్చేదీ ఆ పిండి చదువే.

చరిత్ర పెద్దదేం కాదు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల ఫ్యాబ్ ఎట్ హోమ్ యంత్రం 2006 ప్రాంతంలోనే చాక్లెట్, చీజ్ లాంటివి గొట్టంలోంచి ఒత్తి చూపించింది. 2013లో అంతరిక్షంలో పిజ్జా ప్రింట్ చేసే ఆలోచనకి నాసా ఒక చిన్న కంపెనీకి 1,25,000 డాలర్లు ఇచ్చింది. మన పక్కనే తంజావూరులోని ఆహార సాంకేతిక సంస్థ, ఇప్పటి పేరు నిఫ్టెమ్, కార్క్ అనే ప్రింటర్‌ని సొంతంగా తయారు చేసుకుని మన తిండి గింజల మీద వరసగా పరిశోధనలు చేస్తోంది. 2023లో వియన్నాకి చెందిన రెవో ఫుడ్స్ సాల్మన్ చేపని పోలిన ప్రింటెడ్ ముక్కని సూపర్ మార్కెట్‌లో అమ్మకానికి పెట్టింది. దానిలో ప్రోటీన్ శిలీంధ్రం నుంచి తీసింది. ఆ ముక్కలో పీచు ఉందంటే శిలీంధ్రపు పోగుల్లో సహజంగానే పీచు ఉండటం వల్ల. ఈ సంగతి ముందు ముందు అవసరం పడుతుంది.

ముందుగా ఒక లెక్క చూద్దాం. నాజిల్ రంధ్రం 1.2 మిల్లీమీటర్లు, అది సెకనుకి 20 మిల్లీమీటర్లు కదులుతోంది అనుకోండి. సెకనుకి బయటికొచ్చే ముద్ద దాదాపు 22.6 ఘనపు మిల్లీమీటర్లు. వంద గ్రాముల ముద్ద అంటే సుమారు 91 మిల్లీలీటర్లు. అది మొత్తం దిగడానికి 67 నిమిషాలు పడుతుంది. ఒక్క వడకి గంట దాటిందన్నమాట! నాజిల్‌ని 2 మిల్లీమీటర్లకి పెంచి, వేగం 30కి తీసుకెళ్లినా పదహారు నిమిషాలు. పైగా అప్పుడు గీతలు లావెక్కి, ప్రింటర్ ఎందుకు కొన్నారో ఆ నాజూకే పోతుంది. నాజిళ్లు పది పెట్టొచ్చు, వంద పెట్టొచ్చు. అలా పెంచుకుంటూ పోతే చివరికి తేలేది మామూలు ఎక్స్‌ట్రూడరే, అంటే పిండిని స్క్రూలతో తోసి అచ్చులోంచి ఒత్తే ఫ్యాక్టరీ యంత్రమే. అది గంటకి వందల కిలోలు తీస్తుంది.

మన పెళ్లి బిర్యానీల్లో పడే మీల్ మేకర్ ఆ ఎక్స్‌ట్రూడర్ సరుకే. నూనె తీసేసిన సోయా పిండిని తక్కువ తేమతో, స్క్రూల మధ్య బాగా వేడెక్కించి డై, అంటే అచ్చు రంధ్రం, లోంచి బయటికి తోస్తారు. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గేసరికి లోపలి నీరు ఆవిరై ముక్క ఉబ్బుతుంది. స్పాంజిలా రంధ్రాలు పడి పులుసు పీల్చేది అందుకే. మాంసం లాంటి పీచు కావాలంటే తేమ 50 నుంచి 70 శాతం దాకా పెంచి, 130 నుంచి 160 డిగ్రీల్లో కరిగిన ప్రోటీన్‌ని చల్లటి పొడుగాటి డై గుండా నెమ్మదిగా నడిపించాలి. అంచుల దగ్గర ముందు గడ్డకట్టి, మధ్యలో ఇంకా జారుతూ ఉండటంతో ప్రోటీన్ పొరలు పొరలుగా సాగుతుంది. ఈ పీచు ప్రింటర్ సొంతంగా పుట్టించేది కాదు. ముద్దలో పీచు ముందే ఉండాలి, లేదంటే వెంట్రుకంత గీతలు పక్కపక్కన పేర్చుకుంటూ పోవాలి. గీత సన్నబడిన కొద్దీ పైన వేసిన లెక్క ఇంకా చేదవుతుంది.

ఇక ముద్ద సంగతి. ప్రింట్ అయ్యే ముద్ద నుంచి రెండు పనులు కావాలి, ఆ రెండూ ఒకదానికొకటి పడవు. నొక్కితే జారాలి, వదిలితే ఆగాలి. ఇడ్లీ పిండి నాజిల్‌లోంచి హాయిగా వస్తుంది, పళ్లెంలో పడగానే పరుచుకుంటుంది. చపాతీ ముద్ద పెట్టినచోట కదలకుండా ఉంటుంది, రంధ్రంలోంచి మాత్రం రాదు. ఎంత గట్టిదనం చాలో లెక్క ఉంది. మూడు సెంటీమీటర్ల ఎత్తు కట్టాలంటే అడుగు పొర మీద పడే ఒత్తిడి 320 పాస్కళ్ల చిల్లర. ముద్ద కదలడం మొదలుపెట్టే ఒత్తిడి దానికంటే ఎక్కువ ఉంటే గోడ నిలుస్తుంది, తక్కువైతే అడుగు ఉబ్బి పక్కకి ఒరుగుతుంది.

దీన్ని పరీక్షించడానికి ప్రింటర్ అక్కర్లేదు. మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, సూది తీసేసి, చాలు. రెండు స్కేళ్లని సెంటీమీటరు ఎడంగా పెట్టి వాటి మీదుగా ఒక గీత గియ్యండి. గీత తెగకుండా, పొట్ట వేలాడకుండా ఆ ఖాళీని దాటితే ముద్ద పనికొచ్చినట్టే. మధ్యలో జారితే నీళ్లు ఎక్కువ. ముక్కలు ముక్కలుగా తెగితే నీళ్లు తక్కువో, గాలి బుడగలో, జల్లెడ పట్టని పొట్టో. తర్వాత అదే చోట గీత మీద గీత వేస్తూ మూడు సెంటీమీటర్లు కట్టి, పది నిమిషాలు వదిలి చూడండి.

సిరంజి మూసుకుపోతే చాలామంది పిండి ముతకగా ఉందంటారు. ఒక్కోసారి నిజమే. మిల్లు శనగపిండిలో పొట్టు ముక్కలు ఉంటాయి, అందుకే 100 మెష్ జల్లెడ పట్టాలి. దాన్ని దాటేవి 150 మైక్రాన్ల లోపు రేణువులు, 1.2 మిల్లీమీటర్ల నాజిల్‌కి అది సురక్షితం. జల్లెడ పట్టినా మూసుకుపోతోందంటే కారణం వేరే ఉంది. నాజిల్ కొస దగ్గర కళ్లు పెట్టి చూడండి. ముందు ఒకటో రెండో తేట నీటి బొట్లు వస్తాయి. తర్వాత గీత పలచగా, మెరుస్తూ వస్తుంది. ఆ తర్వాత గరుకుగా మారి, బొటనవేలు ఎంత నొక్కినా ఆగిపోతుంది. విప్పి చూస్తే మూతి దగ్గర గోరు దిగనంత గట్టి బిళ్ల ఒకటి కూర్చుని ఉంటుంది. అంటే ఒత్తిడికి నీరు పిండిని వదిలేసి ముందు పారిపోయింది, పిండి వెనకే ఆగింది. ఇక్కడ ఇంకా గట్టిగా నొక్కితే బిళ్ల మరింత బిగుస్తుంది. నీటిని పట్టి ఉంచే పదార్థం తగలాలి. పిండిలో స్టార్చ్ ఉడికి ఉండాలి, లేదా వంద గ్రాముల పిండికి అర గ్రాము నుంచి ముప్పావు గ్రాము క్సాంథన్ గమ్ అనే చిక్కబరిచే పొడి కలవాలి. గమ్‌ని నేరుగా నీళ్లలో వేస్తే ఉండ కట్టి ఊరుకుంటుంది. ముందు నూనెలో కలిపి, ఆ నూనెని పిండిలోకి పోసుకోవాలి.

శనగ దగ్గరికొద్దాం. ఒంగోలు, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడిలో అక్టోబరు, నవంబరుల్లో చల్లి, నేలలో మిగిలిన పదును మీదే పండించే పంట ఇది. జేజీ 11 లాంటి దేశవాళీ రకాలున్నాయి, కాక్ 2 లాంటి తెల్ల శనగలూ ఉన్నాయి. ధర రాని సంవత్సరం బస్తాలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి. అలాంటప్పుడల్లా ఒక సలహా వినిపిస్తుంది: ప్రోటీన్ ఐసొలేట్, అంటే గింజలోంచి ప్రోటీన్‌ని విడదీసి చేసే పొడి, దాని ఫ్యాక్టరీ పెడితే రైతు బాగుపడతాడని. ప్రింటర్ కంపెనీలకీ, వేగన్ బర్గర్ కంపెనీలకీ కావలసింది ఆ పొడే కదా అని. చెప్పడానికి బాగానే ఉంది. ఫ్యాక్టరీ లోపలికి పోయి చూస్తే ఇలా ఉంటుంది.

కిలో శనగపిండిని పది లీటర్ల నీళ్లలో కలిపి, క్షారం వేసి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; తగ్గితే పులుపు) 9కి తెస్తారు. ప్రోటీన్ కరుగుతుంది. కరగని స్టార్చ్‌నీ పీచునీ సెంట్రిఫ్యూజ్‌లో విడదీస్తారు. మిగిలిన ద్రవంలో ఆమ్లం వేసి పీహెచ్ 4.5కి దించితే ప్రోటీన్ విరిగి అడుగుకి దిగుతుంది. దాన్ని కడిగి, పీహెచ్ సరిచేసి, స్ప్రే డ్రయ్యర్‌లో ఆరబెడతారు. కిలోలో ఉన్న ప్రోటీన్ 210 గ్రాములనుకుంటే, అందులో మూడింట రెండు వంతులు చేతికొస్తే గొప్ప. పొడిగా లెక్కేస్తే 165 గ్రాములు. మిగతా ఎనిమిది వందల చిల్లర గ్రాములు తడి స్టార్చ్, పీచు, కొవ్వు, చక్కెరలు. తడి స్టార్చ్ మన ఎండలకి ఆ సాయంత్రానికే పులుస్తుంది. చక్కెరలూ ఉప్పులూ కరిగిన నీళ్లు కాలవలోకి వదిలేవి కావు, శుద్ధి చేయాల్సిందే. కనిగిరి, మార్కాపురం పక్క తాగునీళ్లే కష్టమైన ఈ ప్రాంతంలో కిలోకి పది లీటర్లంటే ఆలోచించాలి. ఇంకో నష్టం పైకి కనిపించదు. 4.5 దగ్గర విరగని అల్బుమిన్ ప్రోటీన్లు ఆ నీళ్లతోనే పోతాయి. శనగలో అసలే తక్కువైన గంధకపు అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. వాటిని పారబోసి, మిగిలిన దాన్ని శుద్ధ ప్రోటీన్ అని సీసాలో పోసి అమ్ముతున్నాం.

మరి విదేశాల్లో బఠాణీతో ఈ పని ఎలా సాగుతోందంటే, బఠాణీ వేరు. దానిలో కొవ్వు ఒకటి రెండు శాతం, శనగలో ఐదారు. ఆ కొవ్వు ప్రోటీన్‌తోనే వచ్చేస్తుంది, నిల్వలో కనరెక్కుతుంది. వద్దనుకుంటే ముందే సాల్వెంట్‌తో నూనె తీయాలి. నీళ్లు లేకుండా గాలితో వేరు చేసే పద్ధతీ బఠాణీకి కుదిరినంత బాగా శనగకి కుదరదు. కొవ్వు వల్ల రేణువులు అంటుకుంటాయి, స్టార్చ్ గింజలు కూడా చిన్నవి కావడంతో గాలి వాటిని ప్రోటీన్ నుంచి శుభ్రంగా విడదీయలేదు. బఠాణీ మీద కట్టిన ఫ్యాక్టరీని శనగ మీద దించితే ఫలానా శాతం లాభం అని కాగితం మీద రాసేవాళ్లు ఈ ఐదు శాతం కొవ్వుని లెక్కలో పెట్టరు.

నేను అనేదేమంటే, శనగని విడదీయకుండా పిండిగానే వాడండి. ప్రింట్ కావడానికి కావలసిన గుణం దాని స్టార్చ్‌లోనే ఉంది. ఐసొలేట్ ముద్దని నిలబెట్టడానికి మళ్లీ బయటి నుంచి స్టార్చ్ కొని కలుపుతారు, చూస్తుంటే నవ్వొస్తుంది. పచ్చి శనగపిండి వంద గ్రాములు, నీళ్లు మూడు వందల గ్రాములు, గడ్డల్లేకుండా కలిపి, అడుగంటకుండా తిప్పుతూ 85, 90 డిగ్రీల దగ్గర ఎనిమిది పది నిమిషాలు ఉంచితే స్టార్చ్ ఉబ్బి ముద్ద చిక్కబడుతుంది. 50 డిగ్రీలకి దిగేలోగా సిరంజిలోకి ఎక్కించాలి. పూర్తిగా చల్లారితే జెల్ గట్టిపడి, తర్వాత నొక్కితే గీతకి బదులు నలిగిన ముక్కలు వస్తాయి. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే స్టార్చ్ మళ్లీ బిగుసుకుని పైన నీరు తేలుతుంది. దాన్ని కలిపి సరిచేద్దామంటే కుదరదు.

పచ్చిపిండికి పసరు వాసన ఒకటి. గింజలోని కొవ్వు మీద లైపాక్సిజినేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తే వచ్చే హెక్సనాల్ వగైరాల వాసన అది. సోయా కంటే శనగలో తక్కువే గానీ, మర పట్టి తడిపిన మరుక్షణం నుంచి మొదలవుతుంది. కంపెనీలు దీన్ని ఫ్లేవర్లతో కప్పిపెడతాయి. మన దగ్గర పుట్నాల బట్టీ ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. శనగల్ని కాస్త వేడి చేసి, తడిపి, కొన్ని గంటలు ఊరనిచ్చి, కాలిన ఇసుకలో ఒకటి రెండు నిమిషాలు వేయించి, పొట్టు ఊడగొడతారు. ఆ వేడికి ఎంజైమ్ చస్తుంది, ప్రోటీన్ అరుగుదలకి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు చాలావరకు దెబ్బతింటాయి, స్టార్చ్ కొంత ఉడుకుతుంది. తేమ తక్కువ కాబట్టి పూర్తిగా ఉడకదు. అందుకే పుట్నాల పిండి చన్నీళ్లతోనే చిక్కబడుతుంది గానీ జిగురు సాగదు. చట్నీలో అది చేసే పని అదే.

మొదలుపెట్టేవాళ్లకి ఒక పాళం: 100 మెష్ పట్టిన పుట్నాల పిండి వంద గ్రాములు, నీళ్లు 140, నూనె 8, ఉప్పు ఒకటిన్నర, క్సాంథన్ అర గ్రాము. కలిపాక ఇరవై నిమిషాలు పక్కన పెట్టాలి, పిండి నీళ్లు తాగడానికి. ఆ తర్వాతే సిరంజి పరీక్ష. నీళ్లు ఐదేసి గ్రాములుగా పెంచాలి. ఒకేసారి ఇరవై పోస్తే వెనక్కి తీసుకోలేరు. ఒక్కో పొర ఎత్తు నాజిల్ రంధ్రంలో ఎనభై శాతం ఉండేలా చూసుకోండి. ఎక్కువైతే పొరలు అతుక్కోవు, తక్కువైతే నాజిల్ కింది పొరని దున్నుకుంటూ పోతుంది. ప్రింటయ్యాక ఆవిరి మీద ఉడికించడం మేలు. నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై, పొరల అతుకుల దగ్గర చీలిపోతుంది.

షాపు శనగపిండితో ప్రయత్నించి కుదరలేదని పిండిని తిట్టేముందు అది శనగేనా చూసుకోవాలి. బఠాణీ పిండి కలిపిన సరుకు మార్కెట్లో మామూలు, దాని నీటి లెక్క వేరు. గింజ కొని దగ్గరుండి మర పట్టించుకుంటే ఈ బాధ ఉండదు.

మొక్కల పదార్థాలతో చేసిన నకలు చేపని మన వంటలో పెట్టి చూసినవాళ్లు తక్కువ. నెల్లూరు చేపల పులుసే తీసుకోండి. చింతపండు పులుసు పీహెచ్ 4 కంటే కిందే ఉంటుంది. పప్పుల ప్రోటీన్ విరిగేది ఆ దరిదాపుల్లోనే. కాబట్టి ప్రోటీన్‌తో కట్టిన ముక్క పులుసులో నీరు కక్కి, కుంచించుకుని, రబ్బరవుతుంది. విదేశీ బర్గర్లలో ముక్కని కలిపి ఉంచేది చాలావరకు మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పొడి. అది వేడికి గట్టిపడి, చల్లారితే మెత్తబడుతుంది. పెనం మీంచి తీసి వేడిగా తినే బర్గర్‌కి భేషైన గుణం. చేపల పులుసుని మర్నాడు తినే ఊళ్లో మాత్రం రాత్రి నిలిచిన ముక్క తెల్లారేసరికి మెత్తబడి ఉంటుంది. పులుసుకి పనికొచ్చేది కొంజాక్ దుంప జెల్. సున్నపు తేట లాంటి క్షారంతో ఒకసారి కట్టిందంటే మళ్లీ వేడికి కరగదు. దానికి సొంత రుచి లేదు, ప్రోటీన్ కూడా లేదు. చేప అనుకుని తింటే ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. నిజం చేపా రొయ్యా గంపలతో దొరికే జిల్లాలో ఈ నకలు ఎవరి కోసమో నాకు అర్థం కాదు. శాకాహారులు అడిగింది ఇది కాదు.

ప్రింటర్‌కి న్యాయమైన చోటు ఒకటుంది. పక్షవాతం వచ్చినవాళ్లు, గొంతు ఆపరేషన్ అయినవాళ్లు, మింగలేని పెద్దవాళ్లు. అన్నం, పప్పు, కూర కలిపి మిక్సీలో వేసిన బూడిదరంగు ముద్దని రోజూ మూడు పూటలా పెడితే ఎవరైనా తిండి మానేస్తారు. పప్పు పప్పులాగా, క్యారెట్ క్యారెట్‌లాగా కనపడితే రెండు చెంచాలు ఎక్కువ తింటారన్న ఆశతో ఐరోపాలో ప్రింటెడ్ భోజనం మీద పనిచేశారు. మింగే ఆహారానికి అంతర్జాతీయంగా 0 నుంచి 7 దాకా స్థాయులున్నాయి. ప్రింట్‌కి సరిపోయేది 4, అంటే మెత్తటి ముద్ద. ఫోర్కు మీద పెడితే కుప్పలా నిలవాలి, సందుల్లోంచి ధారగా కారకూడదు. చెంచా వంచితే అంటుకోకుండా ఒక్కసారిగా జారాలి. గడ్డలుండకూడదు, పక్కన నీరు ఊరకూడదు. ఆ ఊరిన నీరే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక్కడ బియ్యం గంజి మోసం చేస్తుంది. మన సన్నబియ్యం పిండి చల్లారితే చక్కటి జెల్ అవుతుంది, ప్రింట్ అందంగా వస్తుంది. నోట్లోకెళ్లాక లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ స్టార్చ్‌ని తెంచేస్తుంది, ముద్ద నోట్లోనే పలచబడుతుంది. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచితే గిన్నె మొత్తం పావుగంటలో జారిపోతుంది. క్సాంథన్‌ని అమైలేజ్ ఏం చేయలేదు. కాబట్టి మింగలేనివాళ్లకి చేసే ముద్దలో చిక్కదనం స్టార్చ్ మీద ఒక్కదాని మీదే నిలబడకూడదు. ఎంత కలపాలో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి, వంటింట్లో ఉజ్జాయింపుగా కాదు.

ఆసుపత్రిలో ఇంకో ప్రమాదం ఉంది. 50 డిగ్రీల సిరంజిలో పప్పు ముద్ద గంటసేపు కూర్చుందంటే బ్యాక్టీరియాకి కావలసిన వెచ్చదనం, తేమ, ప్రోటీన్ అన్నీ సమకూరినట్టే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండిని ఎక్కువసేపు ఉంచకూడదన్న నియమం ప్రింటర్‌కి సహజంగానే పడదు. చిన్న చిన్న సిరంజిలు నింపుకోవాలి. ప్రింటయ్యాక మళ్లీ ఆవిరి పట్టాలి. నాజిల్, గొట్టం, పిస్టన్ రబ్బరు ప్రతిసారీ విప్పి వేడినీళ్లలో కడగాలి. విప్పడానికి వీల్లేని గొట్టం ఉన్న యంత్రం ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

వంద గ్రాములకి పదహారు నిమిషాల లెక్కన నలభై మందికి పదిన్నర గంటలు పైనే. అందరికీ ఒకే పప్పు, ఒకే ఆకారం అయితే సిలికాన్ అచ్చులో పోసి ఆవిరి పట్టడమే తెలివైన పని, ఇడ్లీ రేకుల మీద పోసినా పర్లేదు. కిడ్నీ రోగికి పొటాషియం తగ్గించి, పక్క మంచం ఆయనకి ప్రోటీన్ పెంచి, ఇంకొకరికి ఉప్పు మానేసి, అన్నీ ఒకేలా కనపడేటట్టు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ప్రింటర్ తన ఖర్చు తను సంపాదించుకుంటుంది. అలాంటివాళ్లు ఒక వార్డులో నలుగురైదుగురే ఉంటారు, ఆ సంఖ్యకి యంత్రం వేగమూ సరిపోతుంది.

బాపట్ల ఫుడ్ సైన్స్ కాలేజీలోనో తంజావూరులోనో చదివి వచ్చిన పిల్లలు ఒంగోలు చుట్టుపక్కల ఏదైనా మొదలుపెట్టదలిస్తే, ప్రింటర్ కొటేషన్ అడిగే ముందు ఒక దాల్ మిల్లుతోనూ ఒక పుట్నాల బట్టీతోనూ మాట్లాడుకోవాలి. ఏ రకం శనగ, ఏ నెలలో కోసింది, గిడ్డంగిలో ఉందా కోల్డ్ స్టోరేజీలో ఉందా అన్నది బస్తా మీద రాయించుకోవాలి. వేడికీ ఉక్కకీ నిల్వున్న గింజ ఎంత ఉడికించినా లోపల పలుకు వదలదు, ఆ పలుకే నాజిల్‌కి అడ్డం పడేది. గింజగా ఉన్నంతకాలం చల్లటి గదిలో నెలల తరబడి ఉంటుంది. మర పట్టాక కొవ్వుకి గాలి తగులుతుంది, కాబట్టి పదిహేను రోజులకి సరిపడా మాత్రమే పట్టించుకుని, మర పట్టిన తేదీ వేసి, గాలి చొరని డబ్బాలో ఉంచాలి. బట్టీ వాళ్లని ప్రతి వాయికీ ఇసుక వేడి ఎంతో రాసిపెట్టమనాలి. ఒక వాయి పిండి చిక్కబడి, మరో వాయి నీళ్లోడుతోందంటే తేడా చాలావరకు ఆ ఇసుక దగ్గరే దొరుకుతుంది.